డోజోలోకి పాత గోడ ఫ్యాను ఎందుకు తెచ్చానంటే

2015 జూన్‌లో నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న పెద్దమనిషి అడిగిన ప్రశ్నలు రెండే. ఎనిమిది గంటలు నిలబడగలవా? మీ ఊరి నుంచి పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి? నేను పాలిటెక్నిక్‌లో ఈఈఈ చదివినదాన్ని. ఇండక్షన్ మోటార్ల గురించి అడుగుతారేమోనని రాత్రంతా నోట్సు తిరగేసి పోయాను. మోటారు ఊసే రాలేదు. ఒక చెక్క పలక ముందర పెట్టి, అందులో గుచ్చి ఉన్న చిన్న పుల్లల్ని రెండు చేతులతో తీసి పక్క వరసలోకి మార్చమన్నారు. ఒకాయన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత చుక్కల చుక్కల రంగు బొమ్మల్లో అంకెలు చదివించారు. అంతే, సోమవారం రమ్మన్నారు. నాయన గేటు బయట వేపచెట్టు కింద కూర్చోనున్నాడు. "ఏమడిగినారమ్మా?" అన్నాడు. "నిలబడతావా అని అడిగినారు" అన్నాను. "దానికి మూడేళ్లు చదవాల్నా?" అన్నాడు.

మాది సూళ్లూరుపేట నుంచి లోపలికి పోవాల్సిన ఊరు. కంపెనీ తడ దాటాక, శ్రీసిటీ చుట్టుపక్కల. జపాన్ వాళ్లది. పేరు రాయను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. మేం చేసేవి వైరింగ్ హార్నెస్‌లు, అంటే కారులో హెడ్‌లైటు దగ్గర్నుంచి డిక్కీలో బల్బు దాకా కరెంటునీ సిగ్నళ్లనీ మోసే వైర్ల గుత్తులు. మామూలు కారులో కూడా ఈ వైర్లన్నీ వరసగా కలిపి పరిస్తే కిలోమీటరు దాటుతుంది. కారు బాడీకి రోబోలు వెల్డింగ్ చేస్తాయి గానీ, మెత్తగా వంగిపోయే వైరును పట్టుకుని, బోర్డు మీద పరిచి, కనెక్టర్లలో దూర్చి, టేపు చుట్టడం ఇప్పటికీ చాలావరకు చేతులతోనే. అందుకే ఈ పరిశ్రమ కూలి తక్కువున్న చోటు వెతుక్కుంటూ దేశాలు తిరుగుతుంటుంది. 2022 ఫిబ్రవరి చివర్లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైతే, మార్చికల్లా జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ లైన్లు కొన్ని ఆగిపోయాయి. కొరత వచ్చింది ఇంజన్లకు కాదు, ఉక్రెయిన్‌లో ఆడవాళ్లు, మగవాళ్లు నిలబడి అల్లే ఈ వైర్ల గుత్తులకు. ఆ సంగతి తెలిసిన రోజు మా క్యాంటీన్‌లో పిల్లలందరూ కొంచెం నిటారుగా కూర్చుని అన్నం తిన్నారని నాకనిపించింది.

మా మొదటి బ్యాచ్‌లో 28 మందిమి. నేర్పడానికి వచ్చిన జపాన్ పెద్దాయనకు ఇంగ్లీషు నాలుగు ముక్కలు. ఆయన చెప్పింది దుబాసీ ఇంగ్లీషులోకి తిప్పితే, సూపర్‌వైజర్ దాన్ని అరవంలోకి తిప్పేవాడు. గుమ్మిడిపూండి వైపు నుంచి వచ్చే పిల్లలు దాన్ని మాకు తెలుగులో గుసగుసగా చెప్పేవాళ్లు. అన్ని నోళ్లు మారి వచ్చేసరికి మాటలో పస పోయేది. ఇక లాభం లేదని మాటలు వినడం మానేసి ఆయన చేతులు చూడడం మొదలుపెట్టాం. ఇప్పుడు తలుచుకుంటే అదే మంచిదైంది.

ట్రైనింగ్ రూమును డోజో అనేవాళ్లు. జపాన్‌లో కరాటే, జూడో సాధన చేసే చోటును అలా అంటారు. ఫ్యాక్టరీల వాళ్లు ఆ పేరు అరువు తెచ్చుకున్నారు. ఆఫీసు కాక మా ప్లాంటులో ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. తెల్లటి గోడలు, అద్దం తలుపు, నేల మీద మొహం చూసుకోవచ్చు. కస్టమర్ వచ్చినా, జిల్లా నుంచి ఎవరైనా అధికారి వచ్చినా ముందు అక్కడికే తీసుకొచ్చేవాళ్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అక్కడ పదిహేను రోజులు. క్రింపింగ్ (వైరు కొసకు టెర్మినల్ అనే చిన్న లోహపు ముక్కను మెషిన్‌తో నొక్కి బిగించడం), టేపింగ్, బోర్డు మీద వైరు పరవడం అన్నీ నేర్పారు గానీ, నేను చెప్పాల్సింది ఇన్సర్షన్ గురించి. కనెక్టర్ అంటే చిన్న చిన్న గదులున్న ప్లాస్టిక్ ముక్క. వైరు కొసకు బిగించిన టెర్మినల్‌ను గదిలోకి తోస్తే, లోపలున్న సన్నటి నాలుక దాన్ని పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడు 'టిక్' మంటుంది. తర్వాత వైరును కొంచెం వెనక్కి లాగి చూడాలి. రాకపోతే సరిగ్గా కూర్చున్నట్టు. తోయి, విను, లాగు. ఈ పనిలో అందరికీ మొదట నూరిపోసేది ఈ మూడు మాటలే. గోడ మీద మా ఫొటోలతో స్కిల్ మ్యాట్రిక్స్ ఉండేది. ఒక్కో పనికి ఒక్కో గుండ్రం, దాన్ని నాలుగు భాగాలు చేసి నింపుతారు. పావు నిండితే నేర్చుకుంటున్నట్టు, సగమైతే ఎవరైనా పక్కనుంటే చేస్తుందని, ముప్పావైతే ఒంటరిగా చేస్తుందని, మొత్తం నిండితే ఇంకొకరికి నేర్పగలదని. నా గుండ్రం మొత్తం నిండడానికి రెండేళ్లు పట్టింది.

2018లో నన్నూ ఇంకో ఇద్దరినీ జపాన్ పంపారు. ముందు టోక్యోలో కిటాసెంజు దగ్గర ఏఓటీఎస్ వాళ్ల కేంద్రంలో ఉన్నాం. విదేశాల నుంచి వచ్చే ఫ్యాక్టరీ సిబ్బందికి శిక్షణ ఇచ్చే సంస్థ అది. ఆ తర్వాత మా కంపెనీ ప్లాంటుకు పోయాం. అక్కడ నాకు నేర్పినావిడ రిటైర్మెంటుకు దగ్గర్లో ఉంది. నా చేతికి కనెక్టర్ ఇచ్చి, కళ్లకు గుడ్డ కట్టి, "ఇప్పుడు చెయ్యి" అంది. ఇరవై టెర్మినళ్లు తోశాక గుడ్డ విప్పి లెక్క చూస్తే రెండు సగంలోనే ఉన్నాయి. సిగ్గేసింది. ఆమె నన్నేమీ అనలేదు. తన నోటుబుక్కులో తన పేరు పక్కన రెండు గీతలు గీసుకుంది. ఆ లెక్క తర్వాత తెలిసింది. వాళ్లు నేర్పే పద్ధతి పుట్టింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో. యుద్ధానికి పోయిన మగవాళ్ల స్థానంలోకి ఫ్యాక్టరీలకు వచ్చిన కొత్తవాళ్లకు త్వరగా పని నేర్పడానికి పెట్టిన పథకం అది. యుద్ధం అయ్యాక అమెరికా దాన్ని దాదాపు మరిచిపోయింది, జపాన్ పట్టుకుంది. పద్ధతి నాలుగు మెట్లు. ముందు మనిషిలో బెరుకు పోగొట్టు. తర్వాత ఒక్కొక్క అంగా చేసి చూపిస్తూ, ఎక్కడ జాగ్రత్తపడాలో, ఎందుకో చెప్పు. ఆ తర్వాత ఆమె చేత చేయించి, ఆమె నోటితోనే చెప్పించు. చివరికి వదిలిపెట్టి అప్పుడప్పుడు వచ్చి చూడు. పని రాలేదంటే నేర్పినవాళ్లు నేర్పలేదని అర్థం. ఆవిడ గీతలు అందుకే.

తిరిగొచ్చాక నన్ను ట్రైనింగుకు మార్చారు. లైను మీద అక్కా అని పిలిచిన పిల్లలే కొన్నాళ్లు మేడమ్ అన్నారు. వద్దంటే మళ్లీ అక్కా దగ్గరికే వచ్చారు.

2020 లాక్‌డౌన్ సంగతి అందరికీ తెలిసిందే. మమ్మల్ని ఎక్కువ దెబ్బతీసింది ఆ మరుసటి ఏడాది. చిప్పులు దొరక్క కార్ల కంపెనీలు ఉత్పత్తి తగ్గించాయి. కార్లు తగ్గితే హార్నెస్‌లూ తగ్గుతాయి. కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్లను ఇంటికి పంపేశారు. నేను నేర్పిన పిల్లలు, గుండ్రాలు ముప్పావు నిండినవాళ్లు. "ఆర్డర్లు రాగానే పిలుస్తాం" అని హెచ్‌ఆర్ వాళ్లు చెప్పారు. ఆర్డర్లు వచ్చాయి, పిలిచారు. అప్పటికి వాళ్లు శ్రీసిటీలోనే వేరే కంపెనీల్లో కుదురుకున్నారు. మూడు వందల రూపాయలు ఎక్కువిచ్చి, బస్సు ఊళ్లోకి పంపే చోటు దొరికాక ఎవరు తిరిగొస్తారు? అలా 2022లో కొత్త లైను మొదలయ్యేసరికి మాకు మూడు నెలల్లో మూడు వందల మంది కావాల్సి వచ్చింది, అదీ దాదాపు అందరూ కొత్తవాళ్లు.

జాబ్ మేళాలకు నన్నూ తీసుకుపోయేవాళ్లు. నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి తిరిగాం. కాలేజీ గ్రౌండులో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక్కో కంపెనీకి ఒక్కో టేబులు. మేం పుల్లల పలక, రంగు బొమ్మల పుస్తకం, గోడకు అంటించే ఎత్తు కొలత పట్టుకుపోయేవాళ్లం. బోర్డు పై వరస చేతికి అందకపోతే భుజాలు పోతాయి కాబట్టి ఎత్తు చూడక తప్పదు. అమ్మాయిలతో పాటు తల్లో తండ్రో వచ్చేవాళ్లు. జీతం గురించి అడిగేది ఆఖర్న. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "బస్సు ఊళ్లోకి వస్తుందా, మెయిన్ రోడ్డు మీదే దించేస్తుందా?" నేను ఒకసారి హెచ్‌ఆర్ మేనేజరుకు ఊళ్ల పేర్లున్న మ్యాపు చూపించి, ఈ రూటు ఇంకో నాలుగు కిలోమీటర్లు లోపలికి పొడిగిస్తే నలభై మంది వస్తారని చెప్పాను. డీజిల్ లెక్కలు తీశాడు. పేపర్లో ప్రకటనకు ఎంతయిందో అడిగాను. ఆ రూటు పొడిగించారు.

రెండో ప్రశ్న పీఎఫ్. ఇక్కడ తిరకాసుంది. మేం తీసుకునేవాళ్లలో కొందరు కంపెనీ రోల్ ట్రైనీలు, కొందరు కాంట్రాక్టర్ మనుషులు, కొందరు అప్రెంటిస్‌లు. 2019 నిబంధనల ప్రకారం 30 మందికి తక్కువ కాకుండా సిబ్బంది ఉన్న సంస్థ, ఆ లెక్కలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. డిప్లొమా వాళ్లకు అప్పట్లో నెలకు కనీస స్టైపెండు 8,000. కానీ చట్టం దృష్టిలో అప్రెంటిస్ వర్కర్ కాదు, నేర్చుకునే మనిషి. పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. ఒకే బోర్డు ముందు, ఒకే పని చేస్తూ, మూడు రకాల కాగితాల మీద మూడు రకాల మనుషులు. తండ్రులకు ఇది విడమరిచి చెప్పే పని నా మీద పడేది. కొందరు హెచ్‌ఆర్ వాళ్లు ఆ మాట దాటేసేవాళ్లు. నేను దాటేయలేదు. దానికి చీవాట్లూ తిన్నాను.

ఒక కుర్రాడి సంగతి మరిచిపోలేను. వాకాడు వైపు నుంచి వచ్చాడు. ఐటీఐ ఎలక్ట్రీషియన్, మంచి మార్కులు. పుల్లల పరీక్షలో ఆ రోజు అందరికంటే ముందు. రంగుల పుస్తకంలో 74 కనిపించాల్సిన పేజీలో 21 అన్నాడు. మళ్లీ చూడమన్నాను. పుస్తకం దగ్గరగా పెట్టుకుని, "21 మేడమ్" అన్నాడు గట్టిగా. ఎరుపు, పచ్చ సరిగ్గా తెలియనివాళ్లకు అక్కడ 21 లాగే కనిపిస్తుంది. తనకు అలా ఉందని ఇరవయ్యేళ్లు వచ్చేదాకా అతనికి తెలియదు. మా పనిలో ఎర్ర వైరు మీద పచ్చ గీత, పచ్చ వైరు మీద ఎర్ర గీత పక్కపక్కనే ఉంటాయి. పక్కకు పిలిచి చెప్పాను. "మరి ఇంట్లో వైరింగ్ నేనే చేసినాను గదా" అన్నాడు భయంగా. ఆ రాత్రి ఇంటికి పోయి ఏం చూసుకున్నాడో ఏమో. స్టోర్సులో బార్‌కోడ్ పని ఖాళీ ఉంటే అడిగి అందులో పెట్టించాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

మనుషులు రావడం మొదలయ్యాక అసలు గొడవ మొదలైంది. పదిహేను రోజుల ట్రైనింగు పది అయింది. పది ఆరయింది. లైను నుంచి రోజూ ఫోను: "ఎంతమందిని ఇస్తున్నారు?" ప్లాంటులో మనుషుల్ని మ్యాన్‌పవర్ అంటారు. కరెంటు యూనిట్లు లెక్కపెట్టినట్టే ఉంటుంది. మొదటి వారంలోనే కాళ్లు వాచి కొందరు మానేసేవాళ్లు, ఆ ఖాళీల్లోకి ఇంకొందరు. ఆరు రోజుల్లో నేను చెప్పగలిగినంత చెప్పాను. గుండ్రాలు సగం మాత్రమే నింపాల్సినవి ముప్పావు నింపి సంతకం పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. పెట్టకపోతే ఇంకొకరు పెడతారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కంప్లయింట్ వచ్చింది చెన్నై వైపు ఒక కార్ల ప్లాంటు నుంచి. ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో ఒక కారుకు వెనక ఇండికేటర్ ఒకసారి వెలుగుతోంది, ఒకసారి వెలగడం లేదు. కనెక్టర్ విప్పితే టెర్మినల్ సగంలోనే ఉంది. మా దగ్గర చివర్లో కరెంటు పెట్టి చూసే టెస్ట్ బోర్డు ఉంటుంది. టెర్మినల్ సగమే దూరినా పిన్ను తగిలితే పాస్ చేసేస్తుంది. కొన్ని కనెక్టర్లకు రెండో లాకు ఉంటుంది. టెర్మినల్ పూర్తిగా కూర్చోకపోతే ఆ లాకు పడదు. ఈ కనెక్టర్‌కు అది లేదు. మూడు రోజులు మేం పదిమందిమి వాళ్ల గోడౌన్‌లో కూర్చుని, పెట్టెలు విప్పి, ఒక్కో వైరూ లాగి చూశాం. ఆ పెట్టెల మీద ఆపరేటర్ నంబర్లుంటాయి. తప్పులు దొరికిన పెట్టెల్లో చాలావరకు నా ఆరు రోజుల పిల్లల నంబర్లే.

తిరిగొచ్చాక మీటింగులో అందరూ చెప్పింది ఒకటే మాట: "ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదు." రీట్రైనింగ్ ఇవ్వమన్నారు. ఇవ్వడానికి ముందు ఒక రోజంతా లైనులో ఒక పిల్ల పక్కన నిలబడ్డాను. తోస్తోంది, మరో వైరు తీస్తోంది, తోస్తోంది. లాగడం లేదు.

"లాగలేదేం?"

"టిక్ అనింది గదక్కా."

"నీకు వినిపించిందా?"

చెయ్యి ఆపింది. కాసేపు ఆలోచించి, "అంటుంది గదక్కా" అంది.

నేను ఆమె చోట నిలబడి తోశాను. తల మీద గోడ ఫ్యాను గరగరమంటోంది. పక్కన క్రింపింగ్ మెషిన్లు దబదబ కొట్టుకుంటున్నాయి, ఎక్కడో ఎయిర్ లైను బుస్సుమంటోంది. మళ్లీ తోశాను. ఏమీ వినిపించలేదు. ట్రైనింగుకు మారేదాకా ఇలాంటి లైను మీదే పనిచేశాను, ఆ శబ్దం విన్నాననే అనుకుంటూ ఉన్నాను. నిజానికి నా వేళ్లు అలవాటుగా లాగి చూసేవి కాబట్టి బతికిపోయాను. ఆ అలవాటు నాకు పదిహేను రోజుల్లో పడింది. ఈ పిల్లలకు ఆరు రోజులూ ఏసీ గదిలో, నిశ్శబ్దంలో, ప్రతిసారీ టిక్ అని గంట కొట్టినట్టు వినిపించింది. అంత చక్కగా వినిపిస్తుంటే లాగి చూసే అవసరం ఎవరికి తోస్తుంది? వినడం మీద ఆధారపడేలా వాళ్లకు నేర్పి, వినిపించని చోట నిలబెట్టాను. శ్రద్ధ లేనిది వాళ్లకు కాదు.

స్క్రాప్ యార్డులో ఒక పాత గోడ ఫ్యాను పడుంది. మెయింటెనెన్స్ తమ్ముడిని బతిమాలి డోజో గోడకు బిగించాను. క్రింపింగ్ మెషిన్ల చప్పుడు ఫోనులో రికార్డు చేసి స్పీకర్లో పెట్టాను. మొదటి రెండు రోజులు నిశ్శబ్దంలో నేర్చుకోనిచ్చి, మూడో రోజు నుంచి ఆ హోరులోనే చేయించాను. శబ్దం నమ్ముకోవద్దు, వేళ్లను నమ్ముకో అని.

లాగడం ఎంత లాగాలన్నది ఇంకో చిక్కు. గట్టిగా లాగితే క్రింపింగ్ దెబ్బతింటుంది, మెత్తగా లాగితే లాభం లేదు. వర్క్ షీటులో న్యూటన్లలో రాసి ఉంది. న్యూటన్ ఎవరి వేలికి తెలుస్తుంది? ఒక స్ప్రింగు కాటా కొని, హుక్కుకు వైరు కట్టి, ముల్లు గీత దగ్గరికి వచ్చేదాకా లాగించాను. వెంకటగిరి నుంచి వచ్చిన ఒక పిల్ల, నేత పనివాళ్ల ఇంటి పిల్ల, రెండోసారికే సరిగ్గా గీత మీదికి తెచ్చింది. ఎట్లా అని అడిగితే, "మగ్గం మీద పోగు తెగితే అతికినాక లాగి చూస్తాం గదక్కా, అంతే" అంది. తెలుగులో నేను తిరగరాసిన వర్క్ షీటులో న్యూటన్ల కింద ఆ మాటే రాశాను: అతికిన పోగును లాగి చూసినంత. క్వాలిటీ వాళ్లు ఇదేం కొలత అన్నారు. అంకె కూడా ఉంది కదా, తీసేయలేదు కదా అన్నాను. ఉంచారు. అరవం షీటు గుమ్మిడిపూండి పిల్లల చేతనే రాయించాను. వాళ్లు మల్లెపూల దండ పోలిక పెట్టుకున్నారు.

పదిహేను రోజులు మళ్లీ ఇవ్వలేదు. పదికి ఒప్పుకున్నారు. సంతకం పెట్టకుండా ఆపిన పిల్లలను లైనులోకి తీసుకోకూడదని కాగితం మీద రాయించుకున్నాను. అది సాధించడానికి ఫ్యాను బిగించడం కంటే ఎక్కువ కాలం పట్టింది. సగం దూరిన టెర్మినల్ కంప్లయింట్ ఆ లైను నుంచి మళ్లీ రాలేదు. వేరేవి వచ్చాయి, వస్తూనే ఉంటాయి. సంక్రాంతికి ఊరికి పోయి తిరిగి రానివాళ్లూ ఉంటూనే ఉన్నారు.

ఫ్యాను మీద మాత్రం ఇప్పటికీ పేచీ నడుస్తోంది. విజిటర్లు వచ్చేటప్పుడు ఆ తుప్పు ఫ్యాను తీసేయమని అడ్మిన్ వాళ్లు అంటారు. కనీసం పెయింటు వేయించమంటారు. ఒకసారి కస్టమర్ ఆడిట్‌కు వచ్చినాయన, ఇంత మంచి రూములో ఈ రొదేంటి అని అడిగాడు. జవాబు చెప్పకుండా ఆయన చేతికి ఒక కనెక్టర్, ఒక వైరు ఇచ్చాను. తోసి, చెవి దగ్గర పెట్టుకుని, నా వైపు చూసి, మెల్లగా వెనక్కి లాగాడు. టెర్మినల్ చేతిలోకి వచ్చేసింది.

నిన్న కొత్త బ్యాచ్‌కు పరీక్ష. ఏసీ ఆపి ఫ్యాను వేశాను. పద్దెనిమిది మంది వరసగా నిలబడ్డారు. రెండో నిమిషానికే ఒక పిల్ల చున్నీతో మొహం తుడుచుకుంటూ, "అక్కా, ఏసీ ఉండాది గదా, వేస్తే ఏం?" అంది.

"పరీక్ష అయినాక వేస్తాలే, లాగు" అన్నాను.